లెక్క తెలిసిన పిల్ల

బాల్యం మీద కథ రాయడం ఈమధ్య మనవాళ్లకి మరీ తేలికైపోయింది. వేసవి సెలవులు, అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, కాలవలో ఈతలు, తాటిముంజలు, అటక మీద జాడీలు, ఆఖర్న అమ్మమ్మ పోవడం, ఇల్లు అమ్మేయడం. ఈ కొలతకి కుట్టిన కథ ఆదివారం అనుబంధాల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. చదువుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. పక్కన పెట్టాక మాత్రం నాకు అనుమానాలు మొదలవుతాయి. అంతమంది పిల్లలకి నెల్లాళ్లపాటు వండి వార్చింది ఎవరు? ఆ బియ్యం ఎవరివి? పుట్టింటికొచ్చి కూర్చున్న ఆడపడుచుని చూసి ఆ ఇంటి కోడలు మనసులో ఏమనుకుంది? బళ్లు తెరిచాక పిల్లలందరూ ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతే, వెళ్లకుండా అక్కడే ఉండిపోయిన పిల్ల ఒకతె ఉంటుందే, ఆ పిల్ల ఎవరు?

నాకు ఆ పిల్ల కథ కావాలి. చాలాకాలంగా కావాలి. ఈ సంపుటిలో దొరికింది.

బళ్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ప్రతి తరగతిలోనూ అలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. రిజిస్టర్లో తండ్రి పేరు ఒకటి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మేనమామదో తాతగారిదో. ఫీజు కట్టమన్న రోజు వాళ్లు తలెత్తేవారు కాదు. మిగతా పిల్లలు మర్నాడే తెచ్చేవారు, తేకపోతే మర్చిపోయామని ధైర్యంగా అబద్ధమాడేవారు. వీళ్లు అబద్ధం కూడా ఆడేవారు కాదు. ఇంట్లో ఏ పూట అడిగితే విసుక్కోరో చూసుకుని, ఆ పూట వచ్చేదాకా కాచుకుని, వారం పోయాక తెచ్చేవారు. పదేళ్ల పిల్లకి పెద్దవాళ్ల ముఖం చూసి పూట కట్టే విద్య ఎలా అబ్బిందో ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. సాహిత్యంలోనైనా ఉండాలి కదా!

పరాయి ఇంట పెరగడం మనకి కొత్త కాదు. మా పై తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు ఎందరో. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. దత్తత వెళ్లినవాళ్లు, మేనమామ ఇంట ఉండి చదివినవాళ్లు, సంక్షేమ హాస్టళ్లలో పెరిగినవాళ్లు మనందరి కుటుంబాల్లోనూ ఉన్నారు. వాళ్లలో పైకొచ్చినవాళ్లు ఆత్మకథలు రాసినప్పుడు ఆ ఇళ్లకి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. కృతజ్ఞత మంచి గుణమే, కథకి మాత్రం చాలదు. అన్నం పెట్టిన ఇల్లాలికి దణ్ణం పెట్టేవాడు, మారు వడ్డించమని అడిగే ముందు ఆవిడ ముఖంలోకి ఎందుకు చూశాడో చెప్పడు.

తెలుగులో పిల్లవాడి గొంతు అనగానే అందరికీ గుర్తొచ్చేది బుడుగు. ముళ్ళపూడి వెంకటరమణ రాసి, బాపు గీసి, 1950లలో ఆంధ్ర వారపత్రిక పాఠకులకి అప్పగించిన ఆ పిడుగు ఇప్పటికీ పాతబడలేదు. అమ్మానాన్నల్ని రాధ, గోపాళం అని పేర్లు పెట్టి పిలుస్తాడు. ప్రైవేటు మాష్టార్లు వాడి చేతిలో పడి నలిగిపోతారు. ఏం చేసినా వెనక బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు. ఎంత అల్లరి చేసినా రాత్రికి వాడి కంచం వాడికి ఉంటుంది. ఆ సంగతి వాడికి తెలుసు, అందుకే అంత నోరు. ముళ్ళపూడి ఆ భరోసాని ఎక్కడా చెప్పకుండానే కథంతా దాని మీద నిలబెట్టారు. ఆయన వెనక వచ్చిన చాలామందికి అల్లరి కనిపించింది గానీ దాని కింది భరోసా కనిపించలేదు. సోమరాజు సుశీల ఇల్లేరమ్మకి అది బాగా తెలుసు. చెల్లెళ్ల మీద ఆ పెత్తనం, పెద్దవాళ్ల మాటల్లో ఆ దూరిపోవడం సొంత ఇల్లు ఉన్న పిల్లకే చెల్లుతాయి.

ఈ పుస్తకంలో పిల్ల అల్లరి చెయ్యదు. ఆ వీలు ఆమెకి లేదు.

పదకొండు కథలు. అన్నిటిలోనూ ఒకే పిల్ల. మొదటి కథలో ఎనిమిదేళ్లది, ఆఖరి కథకి పదిహేడేళ్లది. ఊరు నరసాపురం దగ్గర, గోదావరి గట్టు దిగువన. నాన్న రొయ్యల చెరువు కౌలుకి తీసుకుంటాడు. తెగులు తగిలి పంట పోతుంది. అప్పు పెరుగుతుంది. చివరికి ఇంకొకళ్ల చెరువు గట్టు మీద కాపలాకి చేరతాడు. అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్తుంది. పిల్ల మావయ్యగారింట్లో, అమ్మమ్మ దగ్గర మిగులుతుంది. కథావస్తువు ఇంతే. గోదావరి జిల్లాల్లోనూ, అటు పాత కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపూ ఇలాంటి ఇళ్లు వందలు కాదు, వేలు. మా వైపు కొత్త శ్లాబు ఇల్లు లేస్తే అది రొయ్య డబ్బా, కువైట్ డబ్బా అని అడగడం మామూలు. ఆ శ్లాబు కింద పెరిగిన పిల్లని ఎవరూ ఏమీ అడగరు.

మొదటి కథ పాస్‌పోర్టు గురించి. గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి ముప్ఫై ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆడవాళ్ల రక్షణ కోసమే పెట్టింది. ఊళ్లో ఏజెంటుకి అది వయసు పెంచే పని అయి కూర్చుంది. కథలో అమ్మకి నిజానికి ఇరవై ఏడు. పాస్‌పోర్టులో ముప్ఫై ఒకటి. అప్పుడే తీసివేతలు నేర్చుకున్న పిల్ల పలక మీద లెక్క వేస్తుంది. ఒక్క రోజులో అమ్మ నాలుగేళ్లు పెద్దదైపోయింది, అంటే నాలుగేళ్లు ముందే చచ్చిపోతుందా అని అమ్మమ్మని అడుగుతుంది. అమ్మమ్మ జవాబు చెప్పకుండా పలక తీసి గూట్లో పెట్టేస్తుంది. కథలో అసలు ఏడుపు అన్నమాటే లేదు. పాతికేళ్లు నిండని రచయిత్రికి ఈ నిగ్రహం ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాను. నా మొదటి కథల్లో ఎవరో ఒకరు ఏడవకుండా పేజీ తిరిగేది కాదు.

ఈ పిల్లకి అన్నీ లెక్కలే. కువైట్‌కీ మనకీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర, అమ్మ ఇంకా ఆ ఇంటివాళ్ల వంటింట్లోనే ఉంటుంది. శుక్రవారం సెలవు, ఫోను వస్తే ఆ రోజే రావాలి. మావయ్య సెల్లు మోగితే ముందు మావయ్య మాట్లాడతాడు, తర్వాత అత్త, తర్వాత అమ్మమ్మ. పిల్ల వంతు వచ్చేసరికి కార్డులో డబ్బులు అయిపోవస్తుంటాయి. అందుకని అడగాల్సినవి ముందే మూడు ప్రశ్నలకి కుదించి పెట్టుకుంటుంది. తర్వాత్తర్వాత ఐఎంఓ వీడియో కాల్స్ వచ్చి, తెర మీద అమ్మ ముఖం ఎంతసేపైనా కనిపించే రోజులొచ్చాక ఆ మూడు ప్రశ్నలూ అయిపోయి, ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియక, అమ్మ వెనక గోడ గడియారం చూస్తూ కూర్చుంటుంది. దూరదేశాల్లో ఉన్న తలిదండ్రుల గురించి తెలుగులో కథలు లేకపోలేదు. ఫోన్ బిల్లు పిల్లల ప్రేమని ఎలా కత్తిరిస్తుందో ఇంత సూటిగా చెప్పింది నేను చదవలేదు.

అమ్మమ్మకీ లెక్కే బతుకు. ఆవిడ లేసు అల్లుతుంది. నరసాపురం చుట్టుపక్కల ఇది పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. ఏజెంటు దారం ఇస్తాడు, ఇంట్లో కూర్చుని అల్లుతారు, అల్లింది అతనే పట్టుకెళ్తాడు. అది ఎన్ని చేతులు మారి ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుంటుందో అల్లినవాళ్లకి తెలియదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. రోజంతా చాకిరీ చేస్తున్నా వాళ్లని పనివాళ్లుగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె తేల్చారు. ఈ రచయిత్రి ఆ పుస్తకం చదివిందో లేదో నేను అడగలేదు. కానీ నాలుగో కథలో అమ్మమ్మ, ‘నేనేం పనిచేత్తున్నానే, ఊరికే కూచోలేక అల్లుతున్నాను’ అని అంటుంటే, ఆ డబ్బుతోనే మనవరాలి స్కూలు బూట్లు వచ్చాయని పాఠకుడికి తెలిసిపోతుంది. ఒకే కుటుంబంలో రెండు తరాల ఆడవాళ్లు సముద్రం అవతలివాళ్ల ఇళ్లు సర్దడానికి బతికారు. ఒకరు ఇక్కడుండి, ఒకరు అక్కడికెళ్లి. రచయిత్రి ఈ మాట ఎక్కడా అనదు. అనకపోవడమే బాగుంది, ముందుమాట రాసేవాడికి కాస్త పని మిగిల్చింది.

ఇక్కడ టాగూరుని తలుచుకోకుండా ఉండలేను. ‘కాబూలీవాలా’ 1892 నాటి కథ. కలకత్తా వీధుల్లో ఎండుద్రాక్షా బాదం అమ్ముకునే రహమత్ చిన్నపిల్ల మినీతో స్నేహం కట్టి ఆమెలో తన కూతుర్ని చూసుకుంటాడు. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి పొడిచి జైలుకి పోతాడు. తిరిగొచ్చేసరికి మినీ పెళ్లికూతురు. అప్పుడు జేబులోంచి ఒక కాగితం తీస్తాడు, దాని మీద మసి పూసి అద్దిన తన కూతురి పసిచేతి గుర్తు. మినీ తండ్రి పెళ్లిఖర్చులో దీపాలూ బ్యాండూ తగ్గించుకుని ఆ డబ్బు రహమత్ చేతిలో పెడతాడు. కథ అక్కడ అయిపోతుంది. ఎన్నో తరాలు ఆ చేతిగుర్తు చూసి కళ్లు తుడుచుకున్నాయి. కానీ అక్కడ రహమత్ సొంతూరి కొండల్లో ఆ కూతురు ఎవరింట పెరిగింది? తండ్రి ఏ నెలలో వస్తాడని ఎవరినడిగింది? రాకుండా పోయిన ఏళ్లలో ఆమె తిన్న రొట్టె ఎవరిది? టాగూరు కథకి అవి అక్కర్లేదు, ఆయన తప్పేమీ లేదు. అయితే ఆ కథలు మిగిలే ఉన్నాయి. ఈ పుస్తకం ఆ కాగితం మీద చెయ్యి అద్దిన పిల్ల వైపు నుంచి రాసినది.

ఎనిమిదో కథ ఆ వైపు నుంచి చదవాల్సిన కథ. కువైట్‌లో అమ్మ పెంచే పిల్లవాడి ఫొటో ఫోన్‌లో వస్తుంది. బొద్దుగా ఉంటాడు, అమ్మ మెడ పట్టుకుని వేలాడుతుంటాడు. పిల్ల ఆ ఫొటో చూసి ఏమీ అనదు. వాడి పుట్టినరోజు ఎప్పుడని మాత్రం అడుగుతుంది. వాడికి అయిదేళ్లని తెలుసుకుని, అమ్మ వెళ్లి ఆరేళ్లయిందని లెక్కేసి, అంటే వాడు పుట్టిన రోజు నుంచీ అమ్మ వాడికే ఉంది, నాకు ఎనిమిదేళ్లే ఉంది, ఇంకో మూడేళ్లు పోతే ఇద్దరికీ సమానం అని మనసులో అనుకుంటుంది. ఈ కథ చదివి కాసేపు పుస్తకం మూసేశాను. అసూయని ఇంత న్యాయంగా లెక్కగట్టే పిల్లని నేను ఇంకే కథలోనూ చూడలేదు.

డబ్బు మాట లేకుండా బాల్యం గురించి రాయాలని మనవాళ్లకి ఒక పట్టుదల. పసితనం దగ్గర పైసలేమిటి అంటారు. ప్రేమ్‌చంద్ అలా అనుకోలేదు. ‘ఈద్గా’లో హమీద్ జేబులో ఉన్నవి మూడు పైసలని ఆయన ముందే చెప్తాడు. తోటి పిల్లలు మట్టిబొమ్మలూ మిఠాయిలూ కొనుక్కుంటుంటే రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతున్నాయని హమీద్ పట్టకారు కొంటాడు. ఆ మూడు పైసల లెక్క తీసేస్తే కథలో మిగిలేది నీతి మాత్రమే. మన చాసో ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’లో కృష్ణుడికి బడి లేదు, చుట్టలు కొనుక్కురమ్మని తండ్రి ఇచ్చిన డబ్బులు చేతిలో ఉన్నాయి, దారిలో బడి ఉంది. ఆ చేతిలో డబ్బు ఉండబట్టే బడి అంత దూరమైపోయింది. విజయనగరం మనిషి చాసో రాసిన పేజీలు తక్కువ, వాటి వెనక ఉన్న చూపు ఎక్కువ. పేదింటి పిల్లలకి ప్రతి వస్తువు ధరా తెలుసు. తెలియనట్టు రాసేవాళ్లు పిల్లల గురించి రాయడం లేదు, తమ గురించి రాసుకుంటున్నారు.

ఈ పుస్తకంలో అందరికీ నేను చదివి వినిపించాలనుకునేది అయిదో కథ. కువైట్ డబ్బు మావయ్య పేరున వస్తుంది. అత్త ఒక నోటుబుక్కు పెడుతుంది. పాపకి జోళ్లు, పాపకి ఫీజు, పాపకి జ్వరం మందులు, పాపకి పండక్కి గౌను, పక్కన అంకెలు. ఒకరోజు ఆ పుస్తకం పిల్ల కంటపడుతుంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా కూడుతుంది. తన మీద ఖర్చయింది ఇంత, అమ్మ పంపింది ఇంత. తేడా ఎంతో చూసుకుని, అత్త అన్యాయం చేసిందేమోనని మళ్లీ మొదటి నుంచి కూడుతుంది. రెండోసారి కూడుతుంటే తెలుస్తుంది, అందులో అన్నం లేదని. పాలు లేవు. సబ్బు లేదు. జోళ్లు రాసిన అత్త, జ్వరం మాత్రలు రాసిన అత్త, ఇన్నేళ్ల అన్నం రాయలేదు. రాయడం మర్చిపోయిందా, రాయకూడదనుకుందా? పిల్లకి తెలియదు. అత్తని అడగదు.

మన కథల్లో మేనమామ పెళ్లానికి ఎప్పుడూ అన్యాయమే జరిగింది. టాగూరు ‘ఛుట్టీ’లోనూ అంతే. చదువు కోసం కలకత్తాకి మేనమామ వెంట వెళ్లిన ఫటిక్, పాఠ్యపుస్తకం పోగొట్టుకుని, కొనిపెట్టమని అడిగి మాట పడి, ఇంటికి పోవాలని వానలో బయల్దేరి జ్వరంతో పోతాడు. ఎంత గొప్ప కథో అంత కఠినంగా ఉంటుంది ఆ అత్త. తన ముగ్గురు కొడుకుల మధ్య ఇంకో పిల్లవాడు వచ్చి పడితే ఆ ఇల్లాలికి ఎలా ఉంటుందో టాగూరు ఒకటి రెండు మాటల్లో చెప్పి వదిలేశాడు. ఈ రచయిత్రి వదల్లేదు. ఈ అత్త విసుక్కుంటుంది, గుడ్డు కూర వండిన రోజు తన పిల్లలకి ముందు వడ్డిస్తుంది, పిల్లకి తలనొప్పి వస్తే నూనె రాస్తుంది, ఆ నూనె రాస్తూనే వాళ్లమ్మని ఒక మాట అంటుంది. ఆవిడకీ నెలలో కొన్ని రోజులు చేతిలో పైసా ఉండదు. పుట్టింటికి వెళ్తానని మూట కట్టుకుని మళ్లీ విప్పే ఒక సన్నివేశం ఉంది, అర పేజీ కూడా ఉండదు. ఈ సంపుటిలో పిల్ల తర్వాత గొప్ప పాత్ర అత్తే.

ఈ కథ విషయంలో రచయిత్రికీ నాకూ చిన్న తగువు నడిచింది. పిల్ల నోటుబుక్కు మూసేసిన చోట కథ అయిపోవాలన్నాను. ఆమె ఇంకో పేరా రాసింది. పిల్ల పెన్సిల్ తీసుకుని ఆఖరి పేజీలో ‘అన్నం’ అని రాసి, పక్కన అంకె వెయ్యకుండా వదిలేస్తుంది. ‘ఆ పేరా తీసెయ్యమ్మా, పాఠకుడికి ముందే అర్థమైంది’ అన్నాను. ‘లేదు మాస్టారూ, పాఠకుడికి అర్థమవడం వేరు, ఆ పిల్ల రాసుకోవడం వేరు’ అంది. పేరా ఉంది, మీరే చూసి చెప్పండి. నేనైతే ఇప్పటికీ కొట్టేస్తాను.

తగువులు వచ్చాయి కాబట్టి లోపాలు కూడా చెప్పేస్తాను. ముందుమాట అంటే పొగడ్తలదండ అనే అభిప్రాయం ఈ పుస్తకానికి న్యాయం చెయ్యదు. తొమ్మిదో కథ కువైట్‌లో అమ్మ వైపు నుంచి నడుస్తుంది, కానీ నడవదు. ఆ ఇల్లు, ఆ యజమానురాలు, ఆ ఎండ అన్నీ విన్నవే తప్ప కన్నవి కావు. పిల్ల కళ్లు వదిలి బయటికి వెళ్లగానే రచయిత్రి చెయ్యి వణికింది. నాన్న పాత్ర చెరువు గట్టు మీదే ఉండిపోయింది. నెలకోసారి వచ్చి, పిల్ల తల నిమిరి, వెళ్లిపోతాడు. అతనిలో ఒక మంచి కథ దాగి ఉంది, రెండో పుస్తకానికి దాచుకుందేమో. అక్కడక్కడా పన్నెండేళ్ల పిల్ల ఇరవై రెండేళ్ల మాట అంటుంది. అలాంటి వాక్యాలు నాకు కనిపించినవి గుర్తుపెట్టి పంపాను, సగం సర్దింది.

భాష గురించి ఒక మాట. చిత్తూరు పలుకుబడిని నామిని, నెల్లూరు మాటని ఖదీర్ బాబు కథల్లోకి తెచ్చినప్పుడు, ఇదేం భాష అన్న పెద్దలు ఉన్నారు. ‘పచ్చనాకు సాక్షిగా’, ‘దర్గామిట్ట కతలు’ వచ్చాక ఆ పెద్దలు ఊరుకున్నారు. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ దీవుల తెలుగుని, అక్కడి తాతల మాటని నిలబెట్టాయి. గోదావరి భాషకి ఆ ఇబ్బంది తక్కువ, సినిమాలూ కథలూ దాన్ని మొయ్యవలసినంత మోశాయి. అందుకే దానితో ఇంకో ప్రమాదం ఉంది. మా యాస వినబడగానే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు. ఈ అమ్మాయి ‘వత్తాను’, ‘చేత్తున్నాను’ అనే మనుషుల చేత నవ్వించకుండా మాట్లాడించింది. ఎగతాళీ లేదు, పులస పులుసూ లేదు. ఒకచోట గోదావరికి వరదొస్తుంది, అప్పుడు కూడా అందరూ ఆలోచించేది బియ్యం మూటలు ఎక్కడ పెట్టాలన్నదే.

మన కథల్లోకి ఆలస్యంగా వచ్చిన బాల్యాలు ఇంకా ఉన్నాయి. గోగు శ్యామల తాండూరు వైపు దళిత పిల్లల్ని కథల్లోకి తెచ్చేదాకా ఆ పిల్లలు మన పుస్తకాల్లో పెద్దగా లేరు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో అలాంటి పిల్లల కోసమే వరసగా కథల పుస్తకాలు రూపొందించింది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’లో, కొడుకు శుక్రవారం నమాజుకి వెళ్లి తీరాలని పట్టుబట్టే తల్లి, హైదరాబాదు మసీదులో బాంబు పేలాక వెళ్లొద్దంటుంది. తన ప్రార్థనాస్థలంలోనే పిల్లవాడికి చోటు లేకుండా పోయిందని ఆ కథ ఒక్క ముక్కలో చెప్పింది. ఇంట్లో చోటు, ఊళ్లో చోటు, దేశంలో చోటు అని మనం వేరువేరుగా మాట్లాడుకుంటాం. పిల్లలకి అవన్నీ ఒకటే, కాళ్లు ముడుచుకోకుండా కూర్చోగలిగే చోటు.

ఏడో కథ దాదాపు మర్చిపోయిన ఒక చరిత్రని తవ్వి తీసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. అక్కడి మనవాళ్లు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు లక్షన్నరకి పైగా జనాన్ని ఇంటికి చేర్చాయి. అప్పట్లో మా వైపు ఊళ్లలో పోస్ట్‌మాన్ కనిపిస్తే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చేవారు. ఈ కథలో పక్కింటి మామ్మ ఆ విమానాల్లో వచ్చినావిడ. కట్టుబట్టలతో తిరిగొచ్చాక ఆవిడ పిల్లలు ఆవిణ్ణి గుర్తుపట్టకపోయినా, ఆవిడ తెస్తానన్న టేప్ రికార్డర్‌ని మర్చిపోలేదు. పిల్లల జ్ఞాపకశక్తి ఎంత నిర్దయగా ఉంటుందో తెలిసినవాళ్లే ఇలా రాయగలరు.

ఆఖరి కథ అమ్మ తిరిగి రావడం. యజమాని ఇంట్లోంచి బయటపడి, కాగితాలు లేకుండా చిన్నచిన్న పనులు చేసుకుంటున్న అమ్మ, 2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇంటికొస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత. విభూతిభూషణ్ ‘పథేర్ పాంచాలీ’ని మద్దిపట్ల సూరి తెలుగులో చదివిన మా తరానికి, దుర్గ దొంగిలించిన వస్తువు ఆమె పోయాక అపు కంటపడే ఘట్టం మరపురానిది. పిల్లల రహస్యాలు పెద్దలకి అందవని ఆ ఘట్టం చెప్తుంది. ఈ కథ ఇంకోటి చెప్తుంది, పెద్దల రహస్యాలు పిల్లలకి అందుతాయని. వచ్చిన మర్నాడు తెల్లవారుజామున అమ్మ లేచి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలన్నీ తోమేసి, ఫ్రిజ్ తలుపు దగ్గర నిలబడి, తన సొంత తల్లిని, ‘మంచినీళ్లు తీసుకోనా?’ అని అడుగుతుంది. గదిలోంచి చూస్తున్న పిల్లకి ఆ నిలబడటం వెంటనే అర్థమవుతుంది. తొమ్మిదేళ్లుగా ఆ ఫ్రిజ్ ముందు తను నిలబడుతున్నది అలాగే. తల్లీ కూతుళ్ల మధ్య మాటలు కలవడానికి ఇంకా చాలా పేజీలు పట్టినా, వాళ్ల చుట్టరికం మళ్లీ మొదలైంది అక్కడే. కథని రచయిత్రి ఆ తర్వాత తొందరగా ముగించింది. తొందర నాకు నచ్చింది.

ఈ అమ్మాయి ఎవరో, ఏం చదువుకుందో, ఇందులో ఎంత తన జీవితమో ముందుమాటలో చెప్పమని ప్రచురణకర్తలు అడిగారు. చెప్పను. కథల్లో ఎంత నిజముందో అని ఆరా తియ్యడం మనకి అలవాటు, ఆడవాళ్లు రాస్తే మరీను. కథలు నిలబడతాయా లేదా అన్నదే చూడండి. నా ఉద్దేశంలో పదకొండింట్లో ఏడు నిలబడతాయి. అందులో రెండు చాలాకాలం నిలబడతాయి. తొలి పుస్తకానికి ఇంతకన్నా మంచి పద్దు నేను చూడలేదు.

పాఠకులకి ఒక మనవి. హైస్కూలు లైబ్రరీలకి పుస్తకాలు కొనే మాస్టార్లు, పంతులమ్మలు ఈ పుస్తకం ఒక కాపీ తెప్పించి, బీరువాలో పెట్టి తాళం వెయ్యకుండా పిల్లల చేతికివ్వండి. గల్ఫ్‌లో అక్కో చెల్లో ఉన్నవాళ్లు ఒక కాపీ అటు పంపండి. మీ ఇంట్లో ఎవరి పిల్లో పెరుగుతుంటే ముందు అయిదో కథ చదవండి, తర్వాతే మొదటి నుంచి మొదలుపెట్టండి.